గుడ్డ చుట్టిన కొస

సెటరేకి కళ్ళు తెరిచేసరికి పాస్టరుగారు ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో ఉన్నారు. అంతకుముందు ఆయన నోవహు ఓడలో ఉన్నట్టు గుర్తు. ఓడ ఎప్పుడు ఒడ్డుకు తగిలిందో, నీళ్ళు ఎప్పుడు తగ్గాయో, ఆయన అక్కణ్ణుంచి ఇక్కడికి ఏ దారిన వచ్చారో సెటరేకికి తెలియలేదు.

అతను చర్చి వెనకగోడకి ఆనుకుని, రెండు చేతులతో కర్ర పట్టుకుని నిలబడే ఉన్నాడు. కర్ర జారిపడలేదు. నోరు తెరుచుకోలేదు, తెరుచుకున్నా ఎప్పుడో మూసుకుంది. ముందు చాపల మీద పిల్లలు, వాళ్ళ వెనక బెంచీల్లో ఒకవైపు ఆడవాళ్ళు, ఇంకోవైపు మగవాళ్ళు. అందరి వీపులూ అతని వైపే ఉన్నాయి. ఎవరూ చూడలేదు. సెటరేకి మెల్లగా ఊపిరి వదిలాడు.

అప్పుడు మూడో కిటికీ పక్కన ఒక మొహం కనిపించింది. ఊరంతా పాస్టరుగారి వైపు చూస్తుంటే, ఆ ఒక్క మొహం వెనక్కి తిరిగి సెటరేకిని చూస్తోంది. నవ్వుతోంది కూడా. అది ఇలైటియా మొహం. ఆ సమయానికి ఏ ఆదివారమైనా గాఢనిద్రలో ఉండాల్సిన మనిషి.

నంబుకా ఊరి చర్చికి పాస్టర్లు వస్తుంటారు, పోతుంటారు. రాజధాని సువాలో ఉన్న సంఘపెద్దలు పంపిస్తారు, నాలుగేళ్ళో ఐదేళ్ళో అయ్యాక వాళ్ళే ఇంకో దీవికి మార్చేస్తారు. కర్ర పట్టినవాడు మాత్రం మారడు. ప్రసంగం నడిచినంతసేపూ బెంచీల మధ్య తిరుగుతూ, కునికేవాళ్ళని తట్టి లేపడం అతని పని. కర్రకు ఒక కొసన మెత్తగా గుడ్డ చుట్టి ఉంటుంది, అది ముసలివాళ్ళకి. రెండోది ఉత్త కొస. అది పిల్లలకి, వయసులో ఉన్నవాళ్ళకి, బావలకి. బావకి ఎంత వయసు వచ్చినా ఉత్త కొసే. ఇలైటియా సెటరేకి మేనమామ కొడుకు. పెళ్ళయిన దగ్గర్నుంచి ప్రతి ఆదివారం మూడో కిటికీ పక్కన పడుకున్నాడు. ప్రతి ఆదివారం నడినెత్తిన ఉత్త కొస తిన్నాడు.

కర్రకి ఒక కట్టుబాటు ఉంది. ఎవరూ ఎక్కడా రాయలేదు గానీ ఊళ్ళో అందరికీ తెలుసు. కర్ర పట్టినవాడే నిద్రపోతే, అతన్ని తట్టి లేపినవాళ్ళది కర్ర. సెటరేకికి కూడా అలాగే వచ్చింది, ముసలి కితియోనే నుంచి. కర్ర ఇచ్చేశాక కితియోనే ముందు బెంచీలో ముసలివాళ్ళ పక్కన కూర్చున్నాడు. గుడ్డ చుట్టిన కొసతో అతన్ని మొదటిసారి తట్టింది సెటరేకి చెయ్యే. మరుసటి ఏడు వానాకాలంలో కితియోనే పోయాడు. ఆ రెంటికీ సంబంధం లేదని సెటరేకికి తెలుసు. అయినా, ఆ గుడ్డ తన భుజం మీద పడుతుందన్న ఊహ వస్తే కర్రని ఇంకాస్త గట్టిగా పట్టుకునేవాడు. అతను పెద్దింటివాడు కాడు, బోధకుడు కాడు, బడి మధ్యలో మానేసి చేపలకి వెళ్ళినవాడు. ఊళ్ళో పిల్లలు అతన్ని కర్ర తాత అంటారు. కర్ర పోతే ఉత్త తాత మిగులుతాడు.

ఆరాధన అయ్యాక ఇలైటియా పిలవకుండానే భోజనానికి వచ్చాడు. సెటరేకి భార్య మకెలేసి చాప మీద ఉడికిన చేమదుంపలు, కొబ్బరిపాలలో వండిన చేమాకు, కాల్చిన చేప పెట్టింది. ఇలైటియా ఆమెకి అన్న వరస. ఆ దీవుల్లో అన్నాచెల్లెళ్ళు ముఖాముఖి మాట్లాడుకోరు. ఏదున్నా మధ్యలో ఉన్నవాడికి చెప్పినట్టు చెబుతారు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ మధ్యలో ఉన్నవాడు సెటరేకి.

"బావా, నోవహు వదిలిన పావురం తిరిగొచ్చిందా?" అన్నాడు ఇలైటియా చాప మీద చతికిలబడుతూ.

సెటరేకి చేప ముల్లు తీసి పక్కన పెట్టాడు.

"నువ్వు చూళ్ళేదా? నేను చూశా. ఒలీవ ఆకు తెచ్చింది. పుట్టాక మొదటిసారి ఆ కథ చివరిదాకా విన్నా తెలుసా! దెబ్బ ఎప్పుడు పడుతుందా అని చూస్తుంటే, పడదే! ఆ ఒక్క దెబ్బ పడితేగానీ నాకు అసలు నిద్ర పట్టదు బావా. అలవాటైపోయింది."

"ఏంటంటా మా అన్నయ్య?" అంది మకెలేసి మొగుడితో.

"ఏం లేదు."

"మా చెల్లెలికి చెప్పు బావా, వాళ్ళాయన నుంచునే గురక పెట్టాడని."

"మా అన్నయ్యకి చెప్పు, ఆ సంగతి నాకు ఎప్పట్నుంచో తెలుసని," అంది మకెలేసి. "పోయిన నెలలో కూడా పెట్టాడు. నేను గట్టిగా పాట ఎత్తుకున్నా. అప్పుడు లేచాడు."

సెటరేకి చేప పళ్ళెంలో పెట్టేశాడు. ఆ పాట అతనికి గుర్తుంది. ప్రార్థన మధ్యలో ఈవిడ పాట ఎత్తుకుందేమిటని ఇంటికొచ్చాక కసిరాడు కూడా.

"సరే," అన్నాడు చివరికి. "ఎవరికి చెబుతావో చెప్పుకో. కర్ర నీదే."

ఇలైటియా నోట్లో చేమదుంప గొంతుకి అడ్డం పడ్డంత పనైంది. "నాకా? నాకెందుకు? నీకేమైనా పిచ్చా? ఆ కర్ర పట్టుకుంటే బతికినన్నాళ్ళూ ఆదివారం నిద్ర ఉండదు. ఆ మూడో కిటికీ ఒక్కటే నేను సంపాదించుకుంది! చూడు బావా, నువ్వు పడుకున్నావని ఎవరికైనా తెలిస్తే, నిన్ను చూసినవాణ్ణి నేనని కూడా తెలుస్తుంది. అప్పుడు కర్ర తెచ్చి నా ఒళ్ళో పడేస్తారు. నువ్వు మెలకువగా ఉండాలి. నేను నిన్ను మెలకువగా ఉంచుతా."

"నువ్వా?"

"నేనే. నిద్ర సంగతి ఈ ఊళ్ళో నాకంటే ఎవరికి తెలుసు? అది ఏ పక్కనుంచి వస్తుందో, ఎక్కడ కూర్చుంటుందో నాకు తెలుసు."

మరుసటి ఆదివారం నుంచి మొదలైంది. సెటరేకి బుగ్గలో చిన్న మిరపకాయ పెట్టుకుని వచ్చేవాడు. పాస్టరు అపొరోసా గొంతు సన్నగా, ఒడ్డుకి వచ్చిపోయే అలలా ఉండేది. కుర్ర పాస్టరు, మంచివాడు, ఎవర్నీ గద్దించడు. ఆ గొంతు ముందు మిరపకాయ ఎంతోసేపు నిలబడేది కాదు. కర్ర మెల్లగా వంగడం మొదలవగానే మూడో కిటికీ దగ్గర ఇలైటియా దగ్గేవాడు. ముందు మామూలు దగ్గు. ఆదివారాలు గడిచేకొద్దీ కుక్క మొరిగినట్టు దగ్గు. ఊళ్ళో ఆడవాళ్ళు అతనికి ఛాతీ పాడైందని నిశ్చయించుకుని, ఇంటికి వంతులవారీగా జామాకు కషాయం పంపారు. నర్సు పిలిపించి వీపు మీద గొట్టం పెట్టి చూసింది.

"ఇంక దగ్గలేను బావా," అన్నాడు ఇలైటియా, వలలు బాగుచేసుకుంటూ కూర్చున్నప్పుడు. "ఆ కషాయం తాగి తాగి నాలుక జామచెట్టు అయిపోయింది. వేరే దారి చూస్తా."

వేరే దారి ఆమెన్. సెటరేకి కళ్ళు మూతపడ్డాయంటే చాలు, ఇలైటియా పైకప్పు ఎగిరేలా "ఆమెన్!" అనేవాడు. ప్రసంగం వినడానికి అతనికి తీరిక ఉండేది కాదు, చూపంతా వెనక్కే. అందుకని ఆమెన్ ఎక్కడ పడుతుందో అతనికీ తెలిసేది కాదు. యూదా ముప్పై వెండి నాణేలు తీసుకున్నాడని పాస్టరుగారు చెప్పినప్పుడు ఒకటి పడింది. ఊరి నీళ్ళ ట్యాంకు అడుగంటిందని, అందరూ వాగుకి వెళ్ళి తెచ్చుకోవాలని ప్రకటించినప్పుడు ఒకటి పడింది. దాని వెంట "హల్లెలూయా!" కూడా.

ఊరు నవ్వుకుంది. పాస్టరు అపొరోసా నవ్వలేదు. వచ్చిన దగ్గర్నుంచి తన ప్రసంగాలకి జనం పడుకుంటున్నారని లోలోపల కుమిలిపోతున్న మనిషి ఆయన. ఊళ్ళోకల్లా పెద్ద నిద్రపోతు లేచి కూర్చుని ఆమెన్ అంటున్నాడంటే ఆయనకి అది చిన్న సంగతి కాదు.

చర్చికి నూరేళ్ళు నిండే పండగ దగ్గరపడుతుండగా, ఒక సాయంత్రం ఆయన సెటరేకి ఇంటి అరుగు మీదకి వచ్చాడు. బావలిద్దరూ అక్కడే వల ముందేసుకుని కూర్చున్నారు. మకెలేసి చాప దులిపి వేసింది.

"తాతగారూ, పండగనాడు మన చర్చి చరిత్ర మీరు చెప్పాలి," అన్నాడాయన. "ఇంతమంది పాస్టర్లని వెనకగోడ దగ్గర నిలబడి చూసినవారు మీరొక్కరే."

"వెనక నిలబడితే కనిపించేది వీపులే అయ్యగారూ."

"ఆ వీపుల సంగతే చెప్పండి." ఆయన ఇలైటియా వైపు తిరిగాడు. గొంతు ఇంకా సన్నబడింది. "మీరు చరిత్ర తర్వాత సాక్ష్యం చెప్పాలి. మీలో వచ్చిన మార్పు నేను చూస్తున్నాను. ఒక్క ఆత్మ మేలుకున్నా నేను ఈ ఊరికి వచ్చినందుకు ఫలితం దక్కినట్టే. వాక్యం మిమ్మల్ని ఎలా లేపిందో ఆ రోజు అందరికీ చెప్పండి."

ఆయన వెళ్ళిపోయాడు. ఒడ్డున పిల్లలు పడవ లాగుతూ కేకలేస్తున్నారు.

"విన్నావా?" అన్నాడు ఇలైటియా. "నన్ను లేపింది వాక్యమట!"

"చెప్పనని చెప్పెయ్యి."

"ఆ మొహం చూసి ఎలా చెప్పను? పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నాడు. నిజం చెబితే నీ కర్ర పోద్ది. అబద్ధం చెబితే అది దేవుడి ఇంట్లో చెప్పిన అబద్ధం." ఇలైటియా వల ముడి పళ్ళతో కొరికి తెంపాడు. "అబద్ధమే చెబుతాలే. నీకోసం. దేవుడు పైన చూసుకుంటాడు. మాకు పాత పరిచయమే. నా కలల్లోకి ఆదివారం ఆదివారం వచ్చేవాడుగా."

నవ్వుతూనే అన్నాడు. కానీ అతని కళ్ళకింద ఉబ్బులు సెటరేకికి ఆ రోజే మొదటిసారి కనిపించాయి. ఇన్ని నెలలుగా ఆదివారం కునుకు లేక, వారమంతా ఆ కునుకు కోసం ఎదురుచూసి, మనిషి వాడిపోయాడు.

లోపల్నుంచి మకెలేసి గొంతు వినిపించింది. "అన్నయ్యకి చెప్పు, అన్నం తిని వెళ్ళమని. మా ఆయనకి చెప్పు, సిగ్గుండాలని."

"మీ ఆయన ఇక్కడే ఉన్నాడుగా?" అన్నాడు సెటరేకి.

"అందుకే చెబుతున్నా."

పండగనాటికి చర్చి నిండిపోయింది. పక్క ఊళ్ళనుంచి పడవల్లో వచ్చారు. సువా నుంచి ఒక పెద్ద పాస్టరు వచ్చారు, ఎంత సేపు మాట్లాడతారో ఆయన పొట్ట చూస్తేనే తెలిసిపోతుందని ఇలైటియా చెవిలో ఊదాడు. బయట గుంటపొయ్యిల్లో పందులు, సీమపనసకాయలు ఆకుల కింద ఉడుకుతున్నాయి. ఆ వాసన కిటికీల్లోంచి లోపలికి వస్తోంది. చెక్క డోలు మోగడం ఆగాక సెటరేకి కర్ర పట్టుకుని ముందుకి నడిచాడు. వెనకగోడ వదిలి జనానికి ఎదురుగా నిలబడడం అతనికి అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ చూసిన వీపులకి మొహాలు ఉన్నాయి.

"మొదట వచ్చింది మొసేసే," అని మొదలుపెట్టాడు. "పాస్టరు కాదు, ఉత్త బోధకుడు. నేను చూడలేదు, కితియోనే చెప్పాడు. పడవలో ఒక బైబిలు, ఒక బాడిశ తెచ్చుకున్నాడు. ఆకుల కప్పు వేసి అందులోనే ప్రసంగం. పోటు తగ్గి రాళ్ళు తేలాయంటే ఆమెన్ చెప్పేసేవాడు, జనం చేపలకి వెళ్ళాలి కాబట్టి. ఆయన కాలంలో ఎవరూ నిద్రపోలేదు. పడుకునేంత సమయం ఇవ్వలేదు."

జనం నవ్వారు. సువా పాస్టరుగారు కూడా, కొంచెం ఆలస్యంగా.

"తర్వాత వతీలియై. ఈ గోడలు ఆయనవి. ఊరివాళ్ళు సముద్రంలోంచి పగడపురాయి తీశారు, గుంటల్లో కాల్చారు, సున్నం చేశారు. వారమంతా మోసి మోసి ఆదివారం వచ్చేసరికి ఊరు ఊరంతా పడుకునేది. ఆయనకి కోపం రాలేదు. గోడ ఎత్తు కొలిచే కర్ర తీసి ఒక కొసకి తన కండువా చుట్టాడు. కండువా ఉన్న వైపు ముసలివాళ్ళకి అన్నాడు. కుర్రవాడు కితియోనే చేతికి ఇచ్చాడు. ఇది ఆ కర్రే. గీతలు ఇంకా ఉన్నాయి, చూడండి."

కర్ర పైకెత్తి చూపించాడు. అక్కణ్ణుంచి మాటలు వాటంతటవే వచ్చాయి. తుఫాను పైకప్పు ఎత్తుకుపోతే ఏడాదిపాటు ఆకాశం కిందే ప్రసంగించిన సాకియూసా. వానలో తడుస్తూ ఎవరు పడుకుంటారు? ఇంకొందరు వచ్చి వెళ్ళాక ఎసాలా. ఆయన ఆదాము దగ్గర మొదలుపెడితే వంట చల్లారేదాకా ఆగేవాడు కాదు. ఆ కాలంలో కర్ర మోసి మోసి తన కుడిభుజం ఎడమదానికంటే కిందికి జారిందని సెటరేకి చెబితే, ముందు బెంచీలో ముసలమ్మలు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. వాళ్ళందరూ ఆ దెబ్బలు తిన్నవాళ్ళే.

"ఎసాలా ప్రసంగంలోనే ఒకరోజు కితియోనే నిలబడి నిద్రపోయాడు. నేను లేపాను. నాకు కర్ర వచ్చిందని ఊరంతా చెప్పుకుంది. కానీ లేవగానే అతను నాతో ఏమన్నాడో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు." సెటరేకి ఆగాడు. నిజానికి ఇన్నేళ్ళలో ఆ మాట అతనికి మళ్ళీ గుర్తు రాలేదు. ఇప్పుడే, ఇక్కడ, మొహాలు చూస్తుంటే వచ్చింది. "'ఇంత ఆలస్యం చేశావేంరా' అన్నాడు."

మూడో కిటికీ దగ్గర ఇలైటియా, నడుముకి చుట్టే సులు బట్ట మడత నలగకుండా కట్టుకుని, చెప్పబోయే అబద్ధాన్ని పెదాలతో వల్లె వేసుకుంటున్నాడు. నుదుటి మీద చెమట. పాస్టరు అపొరోసా అతని వైపు ఆశగా చూస్తున్నాడు.

"ఎసాలా తర్వాత ఇంకా చాలామంది వచ్చారు, వెళ్ళారు. ఇప్పుడు అపొరోసాగారి కాలం," అన్నాడు సెటరేకి. "ఈయన కాలంలో నేను నిద్రపోయాను. ఒకసారి కాదు. చాలా ఆదివారాలు. మీరెవరూ చూడలేదు, మీ చూపు ముందుకి ఉంది కాబట్టి. చూసినవాడు ఒక్కడే. తను దగ్గి, జామాకు తాగి, అరిచి, తన నిద్ర మానుకుని నన్ను లేపాడు. ఈ నెలల్లో వినిపించిన ఆమెన్‌లన్నీ నాకోసం అన్నవే."

ఒక క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఆడవాళ్ళవైపు నుంచి ఎవరో "ట్యాంకు హల్లెలూయా!" అన్నారు. అంతే, చర్చి పగిలిపోయింది. పిల్లలు చాపల మీద దొర్లారు. పాస్టరు అపొరోసా మొహం ఎర్రబడింది, ఆ తర్వాత తెల్లబడింది. "యూదాకి కూడానా?" అని మెల్లగా అడిగాడు. ఇలైటియా తలొంచుకుని అవునన్నట్టు ఊపాడు. అప్పుడు ఆ సన్నగొంతు మనిషి నవ్వడం మొదలుపెట్టాడు. అంత పెద్ద నవ్వు ఆయన దగ్గర ఉందని ఊరికి ఆ రోజే తెలిసింది.

సెటరేకి నడిచి వెళ్ళి కర్రని ఇలైటియా ఒళ్ళో పెట్టాడు.

"లేపినవాడిదే కదా."

"ఇది అన్యాయం బావా!" అన్నాడు ఇలైటియా, అందరికీ వినిపించేలా. "నీకోసం నరకానికి పోతానన్నా! దానికి ఇదా బహుమానం?"

"నరకంలో పడుకోనివ్వరు. ఇప్పట్నుంచే అలవాటు చేసుకో. లే, అది నా చోటు."

ఇలైటియా లేచాడు. కర్రని పామునో ఏదో పట్టుకున్నట్టు దూరంగా పట్టుకుని వెనకగోడ దగ్గరికి నడిచాడు. సగం దారిలో అతని వీపు నిటారుగా అయింది. అది చూసింది మకెలేసి ఒక్కతే.

సెటరేకి మూడో కిటికీ పక్కన కూర్చున్నాడు. అక్కడ సముద్రం మీదనుంచి గాలి తిన్నగా మెడకి తగులుతుందని అతనికి అప్పుడు తెలిసింది. గోడకి తల ఆనుకునే చోట సున్నం అరిగి, మెత్తగా గుంటపడి ఉంది. ఒక మనిషి తల సరిగ్గా పట్టేటంత గుంట. ఇన్నేళ్ళూ బావని తప్పుపట్టినందుకు అతనికి కొంచెం సిగ్గేసింది. సువా పాస్టరుగారు ఆదికాండం తెరిచారు. వెలుగు కలుగుగాక అన్నారు. సెటరేకికి అంతవరకే తెలుసు.

నిద్రలో అడుగుల చప్పుడు విన్నాడు. బరువుగా, తొందర లేకుండా, బెంచీల మధ్యనుంచి దగ్గరికి వస్తున్నాయి. కళ్ళు తెరవలేకపోయాడు గానీ మెలకువ వచ్చింది. అడుగులు అతని వెనక ఆగాయి. కర్ర గాలిలో తిరుగుతున్న సవ్వడి. ఏ కొస? తనకి డెబ్బై దాటాయి. గుడ్డకి తగిన వయసే. భుజం మీద మెత్తగా పడుతుంది, చూసినవాళ్ళు అయ్యో పెద్దాయన అనుకుంటారు. సెటరేకి భుజం బిగించుకున్నాడు.

ఠంగుమని నడినెత్తిన పడింది. ఉత్త కొస. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నెత్తి రుద్దుకుంటూ పైకి చూశాడు. ఇలైటియా మొహంలో నవ్వు లేదు. పనిలో ఉన్న మనిషి మొహం అది. కర్ర భుజానికి ఆనించుకుని తర్వాతి బెంచీ వైపు వెళ్ళిపోయాడు.

అవతలి వైపు బెంచీల్లో మకెలేసి పక్కావిడ చెవిలో ఏదో చెప్పింది. ఆ మాట ఒకరినుంచి ఒకరికి చేరుతూ, ఆడవాళ్ళ వరస దాటి, మగవాళ్ళ వరసలోకి వచ్చి, చివరికి సెటరేకి పక్కన కూర్చున్నవాడి దాకా వచ్చింది.

"మీ ఆవిడ అడగమంటోంది," అన్నాడతను. "గట్టిగా తగిలిందా?"

"చాలా గట్టిగా," అన్నాడు సెటరేకి. ఆ మాట తిరిగి వెళుతుంటే చూస్తూ, తల మళ్ళీ గోడలోని గుంటలో ఆనించాడు.